కర్త యొక్కడేనా?

పాపఘ్నీనది గండికడ కొండలను చీల్చుకొని వెలువడి, కమలాపురము దిక్కున పెన్నను గలియబోవు దారిలో వేంపల్లె యనెడి యూరు కలదు. చీనీతోటలును వేరుసెనగచేలును వాన మొగము జూచుచు బ్రదుకు నీ సీమలో, జబ్బు ముదిరిన మనిషిని మొదట ఊరి సర్కారు ఆసుపత్రికిని, అచటినుండి పులివెందులకో కడపకో, అచ్చటను దారి చిక్కనిచో తిరుపతికో కర్నూలుకో రాయవేలూరుకో కొనిపోవుట పరిపాటి. పోయినవారిలో ననేకులు స్వస్థులై తిరిగివత్తురు, కొందరు రారు. రానివారిని గూర్చి యూరు సాధారణముగా రెండే మాటలు చెప్పును. “ఏం జేస్తాం సామీ, వానికి ఆడికే రాసిపెట్టుండాది” యనునది మొదటిమాట. “ఆ డాక్టరే సంపినాడు, ఆ సూదేసినాకనే గదా పోయినాడు” అనునది రెండవమాట. చావు జరిగిన యింటిలో ఈ రెండు మాటలును ఒకే పూట ఒకే నోట వినవచ్చుటయు కలదు. దుఃఖమునకు తర్కముతో పనిలేదు గావున ఎవ్వరును దానిని తప్పుపట్టరు.

దుఃఖము చల్లారినపిమ్మట మాత్రము ఆలోచనాపరుడైనవాని కొక ప్రశ్న మిగులును. రోగిని బ్రదికింప నుద్యమించిన చేతినుండియే రోగికి కీడు మూడినపుడు ఆ కీడునకు కర్త యెవ్వడు? ఆ పాప మెవ్వరిని చెందును? చంపవలెనను సంకల్పము లేకయే ప్రాణము పోయినది. సంకల్పము లేని హింసకు కర్మఫలము కలదా, లేదా? వైద్యశాస్త్ర ప్రశ్నవలె కనబడుచున్నను ఇది మూలమున ధర్మశాస్త్ర ప్రశ్న. గడచిన పాతికేండ్లుగా ప్రపంచములోని పరిశోధకులు ‘రోగిభద్రతా సంస్కృతి’ యను పేర జరుపుచున్న విచారణ యంతయు, వారెరిగినను ఎరుగకున్నను, ఈ ప్రశ్నచుట్టునే తిరుగుచున్నది.

ఊరు చెప్పు రెండు మాటలలో మొదటిది ఎవ్వరిని నిందింపదు. రెండవది యొక్కనినే నిందించును. పైకి పరస్పర విరుద్ధములుగా దోచు నీ రెండిటికిని ఒక లక్షణము సమానముగా నున్నది. తలరాత యనినపిమ్మట అడుగదగిన దేమియు మిగులదు. డాక్టరే చంపినాడనినపిమ్మటను అడుగదగిన దేమియు మిగులదు. మొదటిదానితో శవము నింటికి గొనిపోవుదురు. రెండవదానితో ఆసుపత్రి యద్దములు పగులగొట్టి, అనంతరము శవము నింటికి గొనిపోవుదురు. మరునాడు అదే మంచముపై మరియొక రోగి పరుండును, అదే బీరువానుండి అదే సీసా వెలికివచ్చును. ఏది జరుగుటవలన నిన్నటి మనిషి పోయెనో ఈ రెండు మాటలు చెప్పినవారిలో నెవ్వరికిని తెలియదు. మన కడప సీమకు కాలజ్ఞానము జెప్పిన బ్రహ్మంగారి జిల్లా యని ప్రసిద్ధి గలదు. ఏ యుపద్రవము వచ్చినను “ఆయన అప్పుడే చెప్పినాడు” అని తృప్తిపడు నలవాటును మనకు గలదు. చెప్పినవాని కది గౌరవమే కావచ్చును గాని, విన్నవారి సోమరితనమున కదియొక ముసుగగుట మెచ్చదగినది కాదు.

ఈ కీడు ఎంతటిదో మొదట గ్రహింపవలెను. చికిత్స పొందువారిలో పదిమంది కొకరు చొప్పున ఆ చికిత్సవలననే యేదో యొక హాని పొందుచున్నారనియు, ఏటేట ముప్పది లక్షలకు మించిన మరణములు భద్రత లేని వైద్యమువలన సంభవించుచున్నవనియు, ఆ హానిలో సగమునకు పైగా నివారింపదగినదే యనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 1999లో అమెరికాలోని వైద్యసంస్థ యొకటి తన దేశపు ఆసుపత్రులలో పొరపాట్లవలన సంవత్సరమునకు 44,000 మొదలు 98,000 వరకు మరణించుచున్నారని ప్రకటించినపుడు వైద్యలోకము దిగ్భ్రమ చెందినది. అంతకుముందు పొరపాటనగా చేతకాని వైద్యుని వ్యక్తిగత దోషమే. ఆ నివేదికతో, చేతనైన వైద్యులును మంచి నర్సులును ప్రతిదినము పొరపాట్లు చేయుచునే యున్నారనియు, వానిని పట్టి నిలుపవలసిన యేర్పాట్లు ఆసుపత్రులలో లేవనియు అంగీకరింపవలసివచ్చెను. మాంచెస్టరు నగరపు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు జేమ్స్ రీజన్ అంతకు దాదాపు పదియేండ్లు ముందే, ఏ ప్రమాదమును ఒక్క మనుజుని చేతితో ముగియదనియు, దానివెనుక చిరకాలముగా నిద్రించుచున్న లోపము లనేకములుండుననియు సిద్ధాంతీకరించియుండెను.

భద్రతా సంస్కృతి యను పేరు ఆసుపత్రిలో పుట్టినది కాదు. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రము పేలినపిమ్మట, అంతర్జాతీయ అణుశక్తిసంస్థవారు ఆ యుత్పాతమును విమర్శించుచు తొలిసారిగా ఆ మాటను వాడిరి. వేంపల్లెకు పొరుగుననున్న వేముల మండలపు తుమ్మలపల్లెలో యురేనియము త్రవ్వుచున్నారు గావున, అణుధాతువుతో బుట్టిన యీ భావము మన యూళ్లకు బొత్తిగా పరాయిది కాదని చెప్పుకొనవచ్చును. వైమానికులు దానిని మరింత పెంచిరి. 1977 మార్చి 27న టెనెరీఫ్ ద్వీపములో రెండు పెద్ద విమానములు మంచులో ఢీకొని 583 మంది మరణించిరి. ముందు విమానము దారినుండి తొలగినదో లేదో యని సందేహించి క్రింది యుద్యోగి యొకడు అడిగెను. అనుభవజ్ఞుడైన కెప్టెను తొలగినదని తేల్చెను. అడిగినవాడు మరల నోరెత్తలేదు. ఆ మౌనము ఖరీదు గుర్తించిన పిమ్మటనే విమానములలో చిన్నవాడు పెద్దవానిని వారించుట యొక విధిగా నేర్పనారంభించిరి. ఆసుపత్రులు ఆ పాఠము నేర్చుకొన మొదలిడుటకు మరి యిరువదేండ్లు పట్టినది.

2004లో అమెరికా ప్రభుత్వసంస్థ యొకటి ఆసుపత్రి సిబ్బంది కొక ప్రశ్నపత్రము సిద్ధపరచెను. నీవు చేసిన పొరపాటు నీకు విరోధముగా నిలుచునని తలచుచున్నావా, అది నీ సర్వీసు కాగితముల కెక్కునని భయపడుచున్నావా, పై యధికారి నిర్ణయమును ప్రశ్నింపగలవా యనునట్టి ప్రశ్న లందున్నవి. తరువాతి కాలమున ఆ పత్రము ననేక భాషలలోనికి మార్చి, దేశదేశముల ఆసుపత్రులలో పంచి, లెక్కలు గట్టిరి. ఆసియాలోనేమి, ఐరోపాలోనేమి, తిరిగితిరిగి వచ్చిన ఫలిత మొక్కటే: పొరపాటు చెప్పినవానికి శిక్ష పడదను నమ్మకమే అన్నిటికన్న తక్కువ. అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అను పరిశోధకురాలు మంచి బృందములలో మందుల పొరపాట్లు తక్కువగా నుండునని తలచి లెక్కింపగా, ఆ బృందములలోనే ఎక్కువగా కనబడినవి. విచారింపగా తేలినదేమన, వారు ఎక్కువ తప్పులు చేయుటలేదు, చేసినవానిని దాచుటలేదు. లెక్కలోనికి రాని తప్పు జరుగని తప్పు కాదని ఆమె పరిశోధన జెప్పినది. ఇటీవలి పరిశోధనల మొగ్గు కూడ నీ వైపునకే యున్నది: తప్పుల నెంచుట నుండి, తప్పు చెప్పుకొనగల ధైర్య మెట్లు కలుగునో విచారించుట వైపునకు. ఆ ప్రశ్నపత్రములు సిబ్బంది నడిగినవే గాని రోగి కొడుకునో భార్యనో అడిగినవి కావు. ఆ లోపమును మాత్రము నేను మన్నింపలేను.

ఇపుడు మన గ్రంథములకు వత్తము. భారతమున అనుశాసనపర్వము మొదటనే గౌతమి కథ కలదు. యుద్ధానంతరము ధర్మరాజు, అంపశయ్యపై నున్న భీష్ముని జూచి, ఈ దుర్గతికి నేనే కారణమని కుమిలిపోవుచుండగా ఆయన నూరడించుటకై పితామహుడు చెప్పిన కథ యిది. గౌతమి యను వృద్ధ బ్రాహ్మణి కొడుకు పాముకాటున మరణించెను. అర్జునకుడను బోయ ఆ పామును బంధించి తెచ్చి, చంపుటకు ఆమె యనుమతి వేడెను. నేను స్వతంత్రుడను గాను, మృత్యువు ప్రేరేపింప గరచితినని పాము పలికెను. మృత్యువు వచ్చి, నన్ను కాలుడు ప్రేరేపించెననెను. కాలుడు వచ్చి, ఈ బాలుని పూర్వకర్మమే వీనిని చంపెను, మాలో నెవ్వరును కర్తలము గామని తేల్చెను. గౌతమి పామును విడిపించెను. పుత్రశోకమున మునిగియు ప్రతీకారము గోరని ఆ తల్లి ఔన్నత్యమునకు చేతులు మోడ్పవలసినదే. ఐనను ఈ కథను ఆసుపత్రి గుమ్మమున చెప్పరాదని నా యభిప్రాయము. పాము కాటునకు పాము, మృత్యువు, కాలుడు అని ముగ్గురు సాక్షులు వచ్చిరి గాని, బాలు డెక్కడ నడచుచుండెను, చీకటి యుండెనా, పొద లేల కొట్టలేదు అని అడిగినవా డొక్కడును రాలేదు. భీష్ము నుద్దేశము ధర్మరాజు శోకమును తీర్చుట. మరునాడు మరియొక బాలుని కాపాడుట కాదు. శోకము తీర్చు శాస్త్రమును కాపాడు శాస్త్రముగా వాడుకొనుటలో మన తప్పు కలదు.

కాపాడు శాస్త్రము భగవద్గీతలో పదునెనిమిదవ యధ్యాయమున దొరకును. ఏ కర్మము సిద్ధించుటకైనను హేతువులు ఐదని భగవానుడు చెప్పెను: అధిష్ఠానము, కర్త, నానావిధములైన కరణములు, వేరువేరగు చేష్టలు, ఐదవదిగా దైవము. చెప్పి ఊరకుండలేదు, ఇట్లుండగా కేవలము తన్నే కర్తగా జూచువాడు సంస్కారము లేని బుద్ధిగలవాడు, వాడు సరిగా చూడనివాడు అని తీర్పు నిచ్చెను. అధిష్ఠానమనగా శరీరమనియు, దైవమనగా ఇంద్రియముల కనుగ్రాహకులైన ఆదిత్యాదులనియు శంకరులు భాష్యమున జెప్పిరి గావున, దీనిని ఆసుపత్రికి బట్టించుట నా సాహసమని ముందే యొప్పుకొనుచున్నాను. భగవానుని మాట ఆత్మ యకర్తృత్వమును గూర్చినది. నేను దానిని వార్డులోనికి దెచ్చుచున్నాను. ఐనను, ఒక్క కర్తను మాత్రమే చూచు చూపు అసంస్కృతమైన చూపని చెప్పిన వాక్యము, ఆత్మవిచారమునకు ఎంత యుపకరించునో ఆసుపత్రి విచారణకును అంత యుపకరించునని నా నమ్మకము.

2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో జరిగినదానిని ఈ చూపుతో జూతము. కోవిడు రెండవ యలలో మంచములన్నియు నిండియున్న ఆ రాత్రి, తమిళనాడు నుండి రావలసిన ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై, గొట్టములలో ఒత్తిడి తగ్గి, పదునొకండుగురు మరణించిరని ప్రభుత్వము ప్రకటించెను. ఇందు కర్త యెవ్వడు? ట్యాంకరు నడపినవాడా? వార్డులో నిలిచియున్న డాక్టరా? అధిష్ఠానమున ఒక్కసారిగా అంతమంది రోగులను మోయదగని గొట్టపువ్యవస్థ. కరణములలో నిలువ ఎంతయున్నదో ముందుగా చెప్పవలసిన కొలతలు. చేష్టలలో, ఒత్తిడి తగ్గకమునుపే సిలిండరులకు మారవలసిన నియమము. దైవమున ఆ మహమ్మారి. ఐదింటిలో నాలుగు మనుష్యుని చేతిలోనివే. దైవమును భగవానుడు ఐదవస్థానమున నుంచెను. మనము దానిని మొదటిస్థానమున గూర్చుండబెట్టి, తక్కిన నాలుగింటికిని సెలవిచ్చితిమి.

2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లి ఆరోగ్యకేంద్రములో టీకాలు వేయించుకొన్న పసిబిడ్డలకు జ్వరము రాకుండుటకు పారాసిటమాల్ ఇయ్యవలసియుండగా, నొప్పికి పెద్దలకిచ్చు ట్రమడాల్ బిళ్లలు చేతికందినవి. బిడ్డలు ఆసుపత్రి పాలైరి, ప్రాణములును పోయినవి. సిబ్బందిపై చర్య తీసికొనిరి, తీసికొనవలసినదే. కాని చూపుల కొక్కటిగానుండు రెండు తెల్లబిళ్లలను పసిబిడ్డల టీకాలు వేయుచోట నుండనిచ్చిన యేర్పాటు ఎవ్వరి చర్య? చేతి పొరపాటు ఒక్క క్షణముది. ఆ పొరపాటునకు దారితీసిన యమరిక చాలకాలముగా అచ్చటనే కాచుకొనియుండినది.

ఆయుర్దాయము ముందే నియతమైనదా యను ప్రశ్నను చరకసంహిత దాచలేదు. విమానస్థానము మూడవ యధ్యాయమున అగ్నివేశు డడుగగా ఆత్రేయుడు దైవమును పురుషకారమును రెండును ఆయుస్సునకు హేతువులని చెప్పి, సర్వము నియతమే యైనచో ఔషధములేల, మంత్రములేల, ఏనుగునుండి తొలగి పరుగిడుటేల యని హేళన చేసెను. కాలమృత్యువునకును అకాలమృత్యువునకును భేదమును బండి యిరుసుతో నిరూపించెను. మంచి యిరుసు తగిన బరువు మోయుచు తన కాలమున అరిగిపోయిన నది కాలమృత్యువు. అదే యిరుసు మితిమీరిన బరువుచేతనో, మిట్టపల్లముల దారిచేతనో, చక్రము విరుగుటచేతనో, ఎద్దుల దోషముచేతనో, తోలువాని దోషముచేతనో, కడశీల యూడుటచేతనో, కందెన లేమిచేతనో నడుమ విరిగిన నది అకాలమృత్యువు. తోలువాని దోష మిచ్చట అనేక హేతువులలో నొక్కటి మాత్రమే యని గమనింపవలెను. రాళ్లదారిలో బండి తోలిన మన సీమ రైతున కీ దృష్టాంతమును వ్యాఖ్యానింప నక్కరలేదు. ఆ రైతే బండి విరిగిననాడు కందెనను జూచును, కడశీలను జూచును. కొడుకు ఆసుపత్రిలో పోయిననాడు మాత్రము తలరాతను జూచును. విచారించు శక్తి ఆతనికి లేక కాదు. ఆసుపత్రిలో ఆతనికి చూడనిచ్చువారు లేరు.

చెప్పకుండుట యెంతటి పాపమో రామాయణమున దశరథుని కథ జెప్పినట్లు మరేదియు చెప్పలేదు. యౌవరాజ్యమున నున్న దినములలో, వానకాలపు రాత్రి, సరయూతీరమున, కంటికి గానక చెవికి వినబడినదానిని బాణముతో గొట్టు శబ్దవేధివిద్యయందు గర్వము గలిగి, కడవ మునుగు చప్పుడును ఏనుగు నీరు త్రాగు చప్పుడని తలచి బాణము విడిచెను. పడినది అంధులైన తలిదండ్రులకు నీరు గొనిపోవచ్చిన మునిబాలుడు. బాణము పెరికిన ప్రాణము పోవును, పెరుకకున్న బాధ తీరదు; అచ్చట దశరథుడు పడిన సంకటము శస్త్రవైద్యు లెరిగినదే. బాలుడు ప్రాణముతో నుండగనే చెప్పిన ఆదేశము విచిత్రమైనది: మా తండ్రికడకు వెంటనే పొమ్ము, నీవే స్వయముగా చెప్పుమని. రాజు నిండిన కడవను తానే మోసికొనిపోయి, ఆ గ్రుడ్డివారిముందు నిలిచి, జరిగినది జరిగినట్లు చెప్పెను. అపుడు ముని పలికిన మాట, నీవు స్వయముగా వచ్చి చెప్పకుండినచో నీ తల నూరువేల వ్రక్కలయ్యెడిది, తెలియక చేసితివి గావున బ్రదికియున్నావని. శాపము తప్పలేదు, కాని శాపమునకును సర్వనాశమునకును నడుమ నిలిచినవి రెండే: తెలియక చేయుట, తానై చెప్పుట.

అజ్ఞానకృతమునకును జ్ఞానకృతమునకును ప్రాయశ్చిత్తభేదమును మనుస్మృతియు చెప్పుచున్నది. పాపవిమోచనమునకు మార్గములు చెప్పునపుడు ఆ స్మృతి మొట్టమొదట పేర్కొన్నది ఖ్యాపనము, అనగా పదిమందిలో వెల్లడించుట, అనుతాపము తరువాతిది, తపస్సును అధ్యయనమును ఆ తరువాతివి. మన ఆసుపత్రులలో ఈ క్రమము తలక్రిందులైనది. పొరపాటు చేసిన నర్సమ్మకు అనుతాపము నిండుగా నున్నది, రాత్రులు నిద్రయును లేదు. వెల్లడించుటకు మాత్రము చోటు లేదు. అట్టివారిని ‘రెండవ బాధితు’లని 2000లో ఆల్బర్ట్ వూ అను వైద్యుడు పేర్కొనినపుడు క్రొత్తభావముగా లోకము గ్రహించెను గాని, ముదిమిలో అర్ధరాత్రివేళ కౌసల్యతో ఆ పాతకథ జెప్పి కన్నుమూసిన దశరథునికంటె పూర్ణముగా రెండవ బాధితుని చిత్రించినవా రెవ్వరు?

ఇచ్చట రామాయణమునే నేనొక ప్రశ్న యడుగ సాహసింతును. దశరథుడు చెప్పెను, శాపమనుభవించెను, మరణించెను. కాని చీకటిలో చప్పుడును బట్టి బాణము వేయుట అయోధ్యలో ఆ తరువాత మానిపించెనా? వాల్మీకి చెప్పలేదు. చెప్పుటతో చెప్పినవాని పాపము కొంత తీరును. వేటగాని యలవాటు మారిననే తరువాతి బాలుడు బ్రదుకును. ఖ్యాపనమునకు ఫలము ప్రాయశ్చిత్తమున ముగియరాదు; అది యేర్పాటుల మార్పునకు దారి తీయవలెను. నూతన పరిశోధనలు మన ప్రాచీనధర్మమునకు చేర్చినది ఏదైన నున్నదన్నచో అది యిదే యని నాకు దోచుచున్నది.

ఇట్లన్నచో, ఐదు హేతువుల చాటున అక్రమవైద్యుడును దాగికొనడా యని శంకించువారు కలరు. శంక న్యాయమైనదే. చరకుడు వైద్యులను రెండు తెగలుగా జెప్పెను: ప్రాణమును గాచువారు ప్రాణాభిసరులు, రోగమును దెచ్చువారు రోగాభిసరులు. కౌటిల్యుడు చికిత్సాదోషమున రోగి మరణించినచో వైద్యునకు దండము విధించెను. 2005లో జాకబ్ మాథ్యూ కేసున సుప్రీంకోర్టు, సామాన్యమైన పొరపాటు నేరము గాదనియు, ఘోరమైన యుపేక్ష యున్నపుడే క్రిమినల్ నేరమగుననియు గీత గీచినది. తెలియక జారిన చేయి వేరు, తెలిసి తెలిసి నియమమును త్రొక్కిన చేయి వేరు, లాభముకొరకు కోసిన చేయి మరియు వేరు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున కాన్పులలో 42.4 శాతమును, తెలంగాణమున 60.7 శాతమును కోతకాన్పులని తేలినవి. వీనిలో అవసరమైనవి యెన్నియైన నుండుగాక, ఇంతటి సంఖ్యను చేతి పొరపాటని యెవ్వడును చెప్పజాలడు. ఇది యలవాటు, కొంత బేరము. దీనికి క్షమ వర్తింపదు. గండి వీరాంజనేయుని విగ్రహమున ఎడమచేతి చిటికెనవేలు విడివడక నిలిచిపోయినదనియు, వ్యాసరాయలవారు దానిని సరిదిద్దబూని ఉలి తాకింపగా నెత్తురు చిమ్మినదనియు, అంతట విడిచిరనియు ఇచ్చటివారు చెప్పుకొందురు. నెత్తురు చూచి ఉలి దించుట తెలిసినవానిని మాత్రమే మనము కత్తి పట్టనీయవలెను.

తక్కిన దంతయు మన పెద్దరికపు టలవాటులలో నున్నది. “సార్ చెప్పినాక నేనేం మాట్లాడేది?” అని నర్సమ్మ యనును. “ఆయమ్మ సదువుకున్న మనిషి, మనకేం తెలుసు” అని రోగి తల్లి యనును. ప్రపంచ ఆరోగ్యసంస్థ పక్షమున అతుల్ గవాండే మొదలగువారు సిద్ధపరచిన శస్త్రచికిత్సా చెక్‌లిస్టును ఢిల్లీతో గూడ ఎనిమిది నగరములలో పరీక్షించి, 2009లో ఫలితములు ప్రకటించిరి. మరణములు నూటికి 1.5 నుండి 0.8 కి తగ్గినవి. పందొమ్మిది యంశముల ఆ చిన్నకాగితములో, కోత మొదలిడుటకు ముందు గదిలోని వారందరును తమ పేరును పనిని బిగ్గరగా చెప్పవలెనను నియమ మొకటి కలదు. ఒకసారి తన పేరు తాను చెప్పుకొన్నవాడు ఆపద కనబడినపుడు రెండవసారి నోరువిప్పుటకు వెనుదీయడని దాని యుద్దేశము. చరకుడు చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని నాలుగు పాదములు చెప్పి, రోగికి గావలసిన గుణములలో భయము లేకుండుటను, తన బాధను తెలుపగలుగుటను చేర్చెను. భయపడు రోగి నాలుగవ పాదము విరిగిన రోగి. మన వార్డులలో రాత్రియంతయు మేల్కొని సెలైను సీసాను జూచుచుండువాడు రోగి బంధువే గదా. “ఈ సీసా మీద పేరు మావోనిది గాదు సామీ” అని ఆతడు చెప్పగలిగి, చెప్పినందుకు కసురబడకున్నచో, అంతకుమించిన కావలి మరొకటి లేదు.

2018లో మన కేంద్రప్రభుత్వము రోగిభద్రతకై 2025 వరకు వర్తించు జాతీయ కార్యక్రమచట్రమును ప్రకటించెను. పొరపాట్లను తెలుపు పద్ధతు లేర్పడవలెనని అందున్నది. డెన్మార్కు దేశము 2004లో అమలులోనికి వచ్చిన చట్టముద్వారా, జరిగిన కీడును తెలిపిన ఉద్యోగిని ఆ తెలుపుట కారణముగా శిక్షింపరాదని శాసించినది. మన యుమ్మడి ఆంధ్రప్రదేశము 2008లో, ఆసుపత్రులపైనను వైద్యులపైనను దాడిచేయువారిని శిక్షించు చట్టము చేసినది. అది యవసరమే, డాక్టరును గొట్టి బ్రదికించుకొన్న ప్రాణ మెచ్చటను లేదు. కాని తన పొరపాటును తానై రోగి బంధువులకు జెప్పిన నర్సును గాని డాక్టరును గాని కాపాడు చట్టమును మన శాసనసభలు చేయలేదు. వేంపల్లె వారైనను, కడప వారైనను, ఓట్లడుగ వచ్చినవారిని ఆసుపత్రికి మంచము లెన్ని, యంత్రము లెన్ని యని అడుగుచున్నారు. ఈ చట్టమును గూడ అడుగుడు. రోగిపక్షమున అడుగుడు, ఆ నర్సమ్మపక్షమున గూడ అడుగుడు.